డాబా మీద పఫ్ ప్యానెల్ గదులు: పాత ఇల్లు మోస్తుందా?

గాజువాక_డాబా | ఫిబ్రవరి 11, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మాది గాజువాకలో 1998లో కట్టిన ఇల్లు, గ్రౌండ్ ప్లస్ వన్. పిల్లర్లు 9 అంగుళాలవి. పునాది ఎంత లోతు తీశారో నాన్నగారికే గుర్తు లేదు. తమ్ముడికి పెళ్లి కుదిరింది. డాబా మీద 20 బై 24 అడుగుల జాగాలో రెండు గదులు వెయ్యాలి. ఇటుకతో కడితే కింద ఇల్లు మోయదని మేస్త్రి చేతులెత్తేశాడు.

ప్యానెళ్లు వేసే ఆయన ఒకరు వచ్చి కొటేషన్ ఇచ్చారు. గోడలకీ కప్పుకీ 50 మి.మీ. పఫ్ (పాలీయూరిథేన్ ఫోమ్) ప్యానెల్, రేకు మందం 0.35 మి.మీ., ఫోమ్ డెన్సిటీ 40 (ఘనపు మీటరుకు 40 కిలోలు), లోపల ఇనుప ఫ్రేము. పదిహేను రోజుల్లో పాలు పొంగించుకోవచ్చట. నా అనుమానాలు రెండు. ఇల్లు ఈ బరువు మోస్తుందా? రెండు పల్చటి రేకుల మధ్య నురగ పోసి దాన్ని గోడ అంటే ఎలా నమ్మాలి? వేలితో కొడితే నూనె డబ్బా చప్పుడొస్తోంది.

రేకుల_షాపు (జీడిమెట్ల) | ఫిబ్రవరి 11, రాత్రి 10:05
తమ్ముడూ, నిశ్చింతగా వేయించుకో. పదిహేనేళ్ల నుంచి ఇదే పని మాది. డాబాల మీద ఎన్ని వేశామో లెక్కే లేదు. చదరపు మీటరుకు పది కిలోలు కూడా రాదు. ఇద్దరు మనుషులు ఒక ప్యానెల్‌ని మెట్ల మీదుగా మోసుకుపోతారు.

బీము_కాలమ్ (విజయవాడ) | ఫిబ్రవరి 12, ఉదయం 6:50
బరువు విషయంలో రేకుల షాపు గారు చెప్పింది నిజమే. రేకులు ఇంకాస్త మందంగా 0.5 మి.మీ.వి అనుకున్నా రెండూ కలిపితే 7.8 కిలోలు, 50 మి.మీ. ఫోమ్ 2 కిలోలు. అంటే చదరపు మీటరుకు 10 కిలోల చుట్టూ. మీ కప్పు 45 చదరపు మీటర్లు, అంటే 450 కిలోలు. అదే 5 అంగుళాల స్లాబు పోస్తే 14 టన్నులు. 9 అంగుళాల ఇటుక గోడలు, తలుపులూ కిటికీలూ తీసేసినా 35 టన్నులు. ప్యానెల్ గోడలు ఒక టన్ను లోపే. ఫ్రేముకి ఇంకో రెండు టన్నులు వేసుకోండి. మొత్తం మూడున్నర టన్నులతో తెమిలిపోతుంది.

కానీ మనుషులు, మంచాలు, బీరువాలు తేలికైపోరు కదా. డాబా మీదికి మనుషులు వెళ్లేలా ఉంటే చదరపు మీటరుకు 150 కిలోలు, నివాస గది అయితే 200 కిలోలు లెక్కలోకి తీసుకోమంటుంది మన కోడ్ (కట్టడాల మీద పడే బరువుల గురించిన భారత ప్రమాణం, ఐఎస్ 875). ఆ తేడా మీ పాత స్లాబు, పిల్లర్లు మోయాలి. ఒక మూల గుంత తీసి పునాది చూపించుకోండి. ఆ ఒక్కరోజు పని దండగ కాదు.

ఇక రెండో ప్రశ్న. ఇంట్లో పిల్లల అట్టలు, థర్మాకోల్ ముక్క ఉంటే ఇలా చేసి చూడండి. థర్మాకోల్‌కి అటూ ఇటూ అట్టలు ఊరికే ఆనించి రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టండి. వేలితో నొక్కితే వంగిపోతుంది. ఇంకో జత ఫెవికాల్‌తో అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, అదే నొక్కుడు నొక్కండి. ముక్కలు అవే, బరువు అంతే, ఈసారి మాత్రం వంగదు. పై అట్ట నొక్కుకుంటుంది, కింది అట్ట సాగుతుంది, మధ్యలోది ఆ రెండూ ఒకదానిమీద ఒకటి జారకుండా పట్టుకుంటుంది. ఐ బీములో పైనా కిందా పట్టీలు, మధ్యలో నిలువు రేకు చేసే పని కూడా ఇదే. అందుకే మందం రెట్టింపైతే వంపుకి తట్టుకునే గట్టిదనం ఇంచుమించు నాలుగింతలవుతుంది, పెరిగే బరువు 2 కిలోలే.

గాజువాక_డాబా | ఫిబ్రవరి 12, రాత్రి 8:15
సార్, అట్టల ప్రయోగం మా పాప చేతే చేయించాను. ఇప్పుడు దాని మీద బొమ్మని నిలబెట్టి ఆడుకుంటోంది. నమ్మకం కుదిరింది. అయితే మోస్తుందనే కదా అర్థం?

బీము_కాలమ్ | ఫిబ్రవరి 12, రాత్రి 9:30
మీరు తలకిందుల ప్రశ్న అడుగుతున్నారు. కింద ఇల్లు మోస్తుందా అన్నది చిన్న విషయం. ఈ గది డాబా మీద నిలబడి ఉంటుందా అన్నది అసలు విషయం.

ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. పీడనం కట్టాలంటే వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణించాలి. 1500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు 150 కిలోలు. కప్పు మీద గాలి తొయ్యదు, పీకుతుంది. లోపలి పీడనం కూడా కలిపితే సుమారు 165 కిలోలు పైకి. మీ 45 చదరపు మీటర్లకి ఏడు టన్నుల పైమాటే. కప్పు బరువు అర టన్ను కూడా లేదు. గోడలు, ఫ్రేము అన్నీ కలిపినా మూడున్నరే. ఇది సగటు లెక్క. చూరు అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువ.

హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, మీరు విశాఖలోనే ఉండి ఉంటే రేకులు ఎటు పోయాయో నేను చెప్పక్కర్లేదు.

గాజువాక_డాబా | ఫిబ్రవరి 12, రాత్రి 9:42
ఉన్నాను సార్. మా వాటర్ ట్యాంకు మూత పక్క వీధిలో దొరికింది. టెన్షన్ మొదలైంది ఇప్పుడు.

రేకుల_షాపు | ఫిబ్రవరి 12, రాత్రి 10:20
ఇంజనీరు గారూ, పాపం ఎందుకు భయపెడతారు? మేం వేసినవి ఒక్కటీ ఎగరలేదు. పైగా ఇప్పుడొచ్చే రేకు 550 గ్రేడు, అంటే 550 మెగాపాస్కల్‌ల బలమున్న హై టెన్సైల్. 0.35 అయినా చాలు.

బీము_కాలమ్ | ఫిబ్రవరి 13, ఉదయం 6:30
అన్నా, మీ పని మీద నాకు అనుమానం లేదు. కానీ మీరు వేసింది హైదరాబాదులో. అక్కడ కోడ్ ప్రకారం 44 మీటర్లు. 44కీ 50కీ తేడా ఆరే కనిపిస్తుంది, వర్గం చేస్తే 116 కిలోలకీ 150 కిలోలకీ ఉన్నంత తేడా.

550 గ్రేడు సంగతికొస్తే, ప్యానెల్‌లో రేకు మామూలుగా తన బలం చాలక చావదు. నొక్కుడు పడ్డ వైపు రేకు ముడతపడి పోతుంది. అది ఎంత ఒత్తిడి దగ్గర ముడత పడుతుందో రేకు బిగువు, ఫోమ్ బిగువు, ఫోమ్ షియర్ బిగువు (పక్కకి జారకుండా ఆపేది) మూడూ కలిసి చెబుతాయి. మూడింటినీ గుణించి, ఘనమూలం తీసి, అందులో సగం వేసుకోవడం డిజైనర్ల అలవాటు. రేకు 2,10,000, ఫోమ్ 4, షియర్ 3 అనుకోండి, అన్నీ మెగాపాస్కల్‌లలో. గుణిస్తే 25 లక్షల 20 వేలు, ఘనమూలం 136, సగం 68. మీరు 550 కొన్నారు, వాడేది 68. ఫోమ్ నాసిరకమైతే ఆ 68 కూడా రాదు. రేకు గ్రేడు గురించి బేరమాడి ఫోమ్ సంగతి వదిలెయ్యడమంటే బండి కొని టైర్లు అడక్కపోవడమే.

మిర్చి_గోదాం (గుంటూరు) | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1:10
ఫోమ్ సంగతి నేను చెబుతా. మాది మిర్చి కోల్డ్ స్టోరేజి. మొదటిసారి ప్యానెళ్లు తెచ్చినప్పుడు బిల్లులో డెన్సిటీ 40 అనే ఉంది. మూడో ఏడు ఒక గోడ అడుగున తడి చేరి, తలుపు పక్కన మంచు కట్టింది. ఆ ప్యానెల్ విప్పితే ఇద్దరు ఎత్తాల్సింది నలుగురు పట్టాల్సి వచ్చింది. నీళ్లు తాగేసింది. కొంత తప్పు మాదే. బయట వేడి వైపు కీళ్లకి సీలెంటు సరిగ్గా పెట్టించలేదు. వేడి వైపు నుంచే ఆవిరి లోపలికి దూరుతుంది, చల్లటి చోట నీరవుతుంది. లోపలివైపు ఎంత సిలికాన్ పూసినా లాభం ఉండదు. డాబా మీద గదికి ఇంత బాధ లేదు గానీ ఏసీ పెడతారు కాబట్టి చెప్పా.

డెన్సిటీ చూసుకోవడం చాలా తేలిక. శాంపిల్ ముక్క అడగండి. రేకులు ఊడదీసి 10 సెంటీమీటర్లు బై 10 కొయ్యండి. మందం 5. అంటే సరిగ్గా అర లీటరు ఫోమ్. డెన్సిటీ 40 అయితే 20 గ్రాములు తూగాలి. కిరాణా కాటా పనికిరాదు, బంగారం కాటా కావాలి.

గట్టుమీద (రాజమండ్రి) | ఫిబ్రవరి 13, సాయంత్రం 5:45
మా అమ్మ రెండేళ్లుగా ఇలాంటి గదిలోనే ఉంటోంది. వేడి తగ్గిన మాట నిజం, వట్టి రేకుల షెడ్డుతో పోలికే లేదు. కానీ రెండు విషయాలు ఎవరూ చెప్పరు. ఒకటి వాన చప్పుడు. రేకుల షెడ్డంత కాదు గానీ గట్టి వానలో ఫోన్ మాట్లాడలేం. రెండోది, ఏసీ ఆపిన అరగంటకి గది మళ్లీ వేడి. ఇటుక గోడైతే చల్లదనం కాసేపు నిలుస్తుంది, దీనికి ఒంట్లో ఏమీ ఉండదు. రాత్రి అదే మేలు లెండి, ఎనిమిదింటికల్లా గది చల్లబడుతుంది, కింద స్లాబు గది పన్నెండింటి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ పెట్టించుకోకండి. మేం పెట్టించుకున్నాం.

ఎడారి_నౌక (షార్జా) | ఫిబ్రవరి 13, రాత్రి 11:30
అక్కా, మా క్యాంపులో పోర్టా క్యాబిన్లన్నీ ఇవే. రంగు గురించి చెప్పండి అందరూ. మా సూపర్‌వైజరు ముచ్చటపడి ఒక వరసకి ముదురు నీలం వేయించాడు. మధ్యాహ్నానికి ఆ గోడలు బయటికి పొట్టలా ఉబ్బుతాయి, సాయంత్రానికి సర్దుకుంటాయి. కీళ్ల దగ్గర సిలికాన్ రెండు వేసవుల్లో చీలింది. పక్క వరస తెల్లవి అలాగే ఉన్నాయి.

బీము_కాలమ్ | ఫిబ్రవరి 14, ఉదయం 6:40
చక్కగా గమనించారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 14509 ఎండలో పై రేకు ఎంత వేడెక్కుతుందో రంగుని బట్టి లెక్క పెట్టమంటుంది. బాగా లేత రంగులకి 55 డిగ్రీలు, లేతవాటికి 65, ముదురు వాటికి 80. బయటి రేకు సాగుతుంది, లోపలి రేకు సాగదు, కాబట్టి ప్యానెల్ విల్లులా వంగుతుంది. బయటికీ లోపలికీ 40 డిగ్రీల తేడా ఉంటే 50 మి.మీ. ప్యానెల్ 3 మీటర్ల పొడవుకి 11 మి.మీ. వంగుతుంది. మధ్యలో ఆధారం లేకుండా 6 మీటర్లు పెడితే 43 మి.మీ. పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలు. అందుకే పొడవాటి ప్యానెళ్లకి మందం పెంచాలి, స్క్రూలు పడే చోట కాస్త కదిలే వీలుండాలి.

సైరన్ | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:20
ఫైర్ సర్వీసులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇంతసేపు గాలి, ఎండ, వాన అన్నీ వచ్చాయి, నిప్పు ఊసే రాలేదు.

పఫ్ మండుతుంది. మంట కంటే ముందు పొగ చంపుతుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు ఉంటుంది. థర్మాకోల్ ఇంకా కష్టం. 100 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరిగిపోతుంది. మధ్యలోది కరిగితే రేకులు ఊడి మీద పడతాయి. 1993లో ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ దగ్గర కోళ్ల ఫ్యాక్టరీ మంటల్లో ఇద్దరు ఫైర్‌మెన్ పోయారు. అప్పట్నుంచే మా వాళ్లకి ఈ ప్యానెళ్లంటే దడ. మంట రేకుల మధ్యలో పాకుతుంది, బయటి నుంచి నీళ్లు కొడితే తగలవు. దక్షిణ కొరియాలో ఇచన్ అనే ఊళ్లో 2008లో కోల్డ్ స్టోరేజిలో 40 మంది, మళ్లీ అదే ఊళ్లో 2020లో కడుతున్న గోదాములో 38 మంది పోయారు. రెండు చోట్లా యూరిథేన్ ఫోమే. ఇలాంటి నిప్పుల్లో సగం వెల్డింగ్ రవ్వలతోనే మొదలవుతాయని నా సర్వీసు అనుభవం.

గాజువాక బాబూ, పైన వంటగది పెట్టే ఆలోచన ఉందా?

గాజువాక_డాబా | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 1:05
చిన్న స్టవ్ పెట్టుకుంటారని అనుకున్నాం అండీ.

సైరన్ | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 1:15
మానెయ్యండి. లేదా ఆ మూల గోడలు రాక్‌వూల్ ప్యానెల్ వేయించండి. రాయి కరిగించి తీసిన పీచు అది, అంటుకోదు. పి.ఐ.ఆర్. అనే రకం ఫోమ్ పఫ్ కంటే నయం, మంట తగిలితే పైన బొగ్గు పొర కట్టుకుంటుంది. నయమే గానీ రాక్‌వూల్ కాదు. "మాది ఫైర్‌ప్రూఫ్ పఫ్" అన్నవాణ్ణి టెస్ట్ రిపోర్టు అడగండి.

ఇంకోటి. ఫ్రేము వెల్డింగంతా అయ్యాకే ప్యానెల్ ఎక్కాలి. ఎక్కాక ఒక్క రవ్వ కూడా పడకూడదు. వైర్లు ఫోమ్‌లోంచి లాగొద్దు, గోడ మీద పైపుల్లో వేయించండి. మరీ ముఖ్యంగా థర్మాకోల్‌కి పీవీసీ వైరు తగిలి ఉంటే కొన్నేళ్లకి దాని తొడుగు పెళుసెక్కి రాలుతుంది.

రేకుల_షాపు | ఫిబ్రవరి 14, సాయంత్రం 4:00
రాక్‌వూల్ బరువు, రేటు రెండూ ఎక్కువే సార్. ఒకటే మందం మీద వేడి ఆపడం కూడా పఫ్‌లో సగమే. మొత్తం గదికి వద్దు, స్టవ్ మూలకి వేయించుకోమనండి. ఇది ఒప్పుకుంటా.

గాజువాక_డాబా | ఫిబ్రవరి 21, రాత్రి 9:10
మిర్చి గోదాం అన్నా, శాంపిల్ తెచ్చాను. ఎక్సా బ్లేడుతో 10 బై 10 కోసి, పక్క వీధి బంగారం షాపులో తూయించాను. ఆయన ముందు నన్ను అదోలా చూశాడు. తూకం 14.6 గ్రాములు.

రేకు ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ కూడా పెద్దగా అక్కర్లేకపోయింది. మూల దగ్గర గోరు పెట్టి లాగితే అరటి తొక్కలా వచ్చేసింది, రేకు మీద ఫోమ్ అంటు లేదు, అద్దంలా ఉంది. లోపల ఒక చోట చింతగింజంత గుంట.

మిర్చి_గోదాం | ఫిబ్రవరి 21, రాత్రి 9:18
14.6 అంటే డెన్సిటీ 29. బిల్లులో 40.

బీము_కాలమ్ | ఫిబ్రవరి 21, రాత్రి 9:50
తూకం కంటే ఆ శుభ్రమైన రేకే నన్ను ఎక్కువ భయపెడుతోంది. మంచి ప్యానెల్‌ని చీలిస్తే ఫోమ్ తనలో తానే తెగాలి, రేకుకి పొరలా అంటుకుని ఉండాలి. మీ పాప అంటించని అట్టలు గుర్తున్నాయా? ఇది అదే. వద్దనెయ్యండి.

రేకుల_షాపు | ఫిబ్రవరి 21, రాత్రి 10:30
ఇది చూసి నాకే సిగ్గేసింది. తమ్ముడూ, కొందరు రేకులు ప్రెస్‌లో పెట్టి చేత్తో ఫోమ్ పోస్తారు. రేకు మీద నూనె మరక తుడవకపోయినా, చలికాలం రేకు వెచ్చచెయ్యకపోయినా పట్టదు. పెద్ద లైన్ల మీద ఆగకుండా తయారయ్యే సరుకు అడుగు. అడుగుకి కొంత పైన పడొచ్చు, వెనకాడకు. కప్పుకి 0.5 రేకు తీసుకో. సముద్రం దగ్గర కాబట్టి జింకు పూత 120 గ్రాములది వద్దు, అల్యూమినియం జింకు కలిపిన పూత 150 గ్రాములది అడుగు.

స్క్రూల గురించి రాసుకో. కప్పు మీద గాడిలో కాదు, గట్టు మీద వెయ్యాలి, కింద జీనులాంటి వెడల్పు వాషర్ పెట్టాలి. లేకపోతే గాలికి స్క్రూ పర్లిన్‌లో (కప్పు కింద అడ్డంగా వేసే ఇనుప పట్టీలో) అలాగే ఉంటుంది, రేకు మాత్రం తల చుట్టూ చిరిగి వెళ్లిపోతుంది. బిగింపు: రబ్బరు వాషర్ అంచు కాస్త ఉబ్బితే చాలు. కుర్రాళ్లు డ్రిల్ మెషిన్ ఇంకా నొక్కుతారు, రేకు సొట్టపడుతుంది, ఆ సొట్టలో నీళ్లు నిలుస్తాయి, అక్కణ్ణుంచే కారడం మొదలు. వాలు పది అడుగులకి అడుగైనా ఉండాలి. గ్రైండర్‌తో కొయ్యనివ్వకు.

గాజువాక_డాబా | ఫిబ్రవరి 22, ఉదయం 8:00
గ్రైండర్‌తో ఏమవుతుంది అన్నా?

రేకుల_షాపు | ఫిబ్రవరి 22, ఉదయం 8:25
రవ్వలు ఎగిరి రంగులో గుచ్చుకుంటాయి. వారం తిరగకుండా తుప్పు చుక్కలు. సన్న పళ్ల రంపపు చక్రంతోనో, నిబ్లర్‌తోనో (రేకుని కొరికి కోసే మెషిన్) కొయ్యాలి.

బీము_కాలమ్ | ఫిబ్రవరి 22, ఉదయం 9:15
ఫ్రేము గురించి రెండు ముక్కలు. ఇనుప పోస్టులు కింద పిల్లర్ల తలల మీదే రావాలి. రాని చోట పిల్లరు నుంచి పిల్లరుకి ఇనుప బీము వేసి దాని మీద నిలబెట్టాలి. స్లాబు నడుమ ఒక్క పోస్టు కూడా వద్దు. 9 పోస్టులైతే ఒక్కోదాని మీద సగటున 800 కిలోల పైకి లాగుడు, సొంత బరువు దాంట్లో కొంత తగ్గిస్తుంది, మూలల్లో పీకుడు ఎక్కువ కాబట్టి అక్కడ ఆ తగ్గింపు మీద ఆశ పెట్టుకోవద్దు. కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టులు) కాంక్రీటులోకి దిగాలి. డాబా మీద పోసిన పై పూతలోకి రెండు అంగుళాలు దిగి "ఆరు అంగుళాలు వేశాం" అంటారు. పూత చెక్కించి మీ కళ్లతో చూడండి. పర్లిన్లు 1.2 మీటర్లకొకటి, చూరు దగ్గర ఇంకా దగ్గరగా.

సోలార్ పలకలు, ట్యాంకు, ఫ్యాను ఏవీ ప్యానెల్‌కి తగిలించొద్దు. ఎప్పుడూ మీద ఉండే బరువుకి ఫోమ్ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా సాగుతూ పోతుంది. అన్నీ ఇనుముకే.

మోడరేటర్: మున్సిపల్ అనుమతి గురించి కొందరు ప్రైవేటుగా అడుగుతున్నారు. రేకు ప్యానెలైనా గది గదే. కట్టేముందు కనుక్కోండి, "టెంపరరీ" అని కట్టి నోటీసు అందుకున్నవాళ్లు ఇక్కడే ముగ్గురున్నారు.

గాజువాక_డాబా | నవంబరు 16, రాత్రి 8:50
చాలా ఆలస్యంగా వస్తున్నాను, క్షమించాలి. గదులు మే నెలలో అయిపోయాయి, పెళ్లి కూడా. కప్పు 50 మి.మీ. పి.ఐ.ఆర్., 0.5 రేకు, తెలుపు. మెట్ల వైపు మూల గోడలు రాక్‌వూల్. వేరే చోటి నుంచి తెప్పించాం. కొత్త శాంపిల్ 20.3 గ్రాములు తూగింది. ఈసారి బంగారం షాపాయన నేను చెప్పకుండానే కాటా ముందుకు జరిపాడు. పునాది గుంత కూడా తీయించాం, మేస్త్రి భయపడినంత లేదు.

పదిహేను రోజులు అన్నది నలభై రెండయింది. యాంకర్లకే వారం పట్టింది. డాబా పూత మూడంగుళాలుంది, మా నాన్నగారు రెండుసార్లు లీకేజీకి పోయించారట. బీము_కాలమ్ సార్ చెప్పకపోతే మా బోల్టులన్నీ ఆ పూతలోనే ఉండేవి.

ఒక ప్యానెల్ మాత్రం నేను వెళ్లేలోపు కుర్రాడు గ్రైండర్‌తో కోసేశాడు. నాలుగో రోజుకే మిరప గింజలు చల్లినట్టు ఎర్ర చుక్కలు. దాన్ని వెనక వైపు వేయించాను, మా ఆవిడ ఇప్పటికీ చూపిస్తుంది.

అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు రాత్రంతా టార్చిలైటుతో కీళ్లన్నీ చూశాను. ఒక్క చోట, కిటికీ పైన ఫ్లాషింగ్ (నీళ్లు లోపలికి రాకుండా వేసే రేకు పట్టీ) దగ్గర చెమ్మ. మిగతా అంతా పొడి. వాన చప్పుడు గట్టుమీద అక్క చెప్పినట్టే, టీవీ సౌండు పెంచాలి. ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున ఏడింటికి ఎండ పడగానే కప్పు టిక్కు టిక్కుమంటుంది. పైన ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు. మొదటి వారం మరదలు బల్లులనుకుంది.

బీము_కాలమ్ | నవంబరు 16, రాత్రి 9:20
ఆ టిక్కు టిక్కే రేకు సాగడం. స్క్రూల దగ్గర కదిలే చోటుందన్నమాట. ఫ్లాషింగ్ కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) వేయించండి, పైన సిలికాన్ పూసి వదిలెయ్యొద్దు.

రేకుల_షాపు | నవంబరు 16, రాత్రి 10:10
తమ్ముడూ, నీ పుణ్యమా అని ఇప్పుడు మా షాపుకొచ్చిన ప్రతివాడూ 10 బై 10 ముక్క కొయ్యమంటున్నాడు. చివరికి నేనే ఒక కాటా కొని కౌంటర్ మీద పెట్టా.